అనుభవం లేనివారే అర్హులు

ప్రభుత్వ విత్తన క్షేత్రంలో పనివాళ్లను తీసేసి సేవకులను పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, వచ్చిననాడు వారి కడుపు నిండుగా ఉండి ఉంటుంది. పై అధికారులు కొందరు ఏదో చల్లని దేశానికి అధ్యయన యాత్రకు వెళ్లారు. అక్కడ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు పొలంలో పైసా తీసుకోకుండా, పైగా నవ్వుతూ, ముల్లంగి పీకడం కళ్లారా చూశారు. మన దగ్గర కూలీలు డబ్బులు తీసుకుని కూడా నవ్వరు. ఈ తేడా వారిని లోలోపల కలచివేసింది. తిరిగొచ్చిన పదిహేను రోజులకు సర్క్యులర్ వచ్చింది. శ్రమ అన్నది పాతకాలపు భావన అనీ, సేవ అన్నది సంస్కృతి అనీ, కావున ఇకపై క్షేత్రాలలో జరిగే పని యావత్తూ సేవారూపంలోనే జరగవలెననీ అందులో రాసి ఉంది.

క్షేత్రంలోని పదకొండు మంది కూలీలను పిలిచి, తలొక శాలువా కప్పి పంపించేశారు. అది ఏప్రిల్ నెల. చెమటలు కారుతుండగా శాలువాలు కప్పుకుని గేటు దాటినవాళ్లలో పోశెట్టి ఒకడు. పంతొమ్మిదేళ్లు ఆ చేలల్లోనే పని చేశాడు. మర్నాటి నుంచి ఊరవతల మామిడి తోటలో పని దొరికింది, పూట గడవడానికి లోటు లేదు. ఎటొచ్చీ తోటకు పోయే దారి విత్తన క్షేత్రం కంచె పక్కనుంచే పోతుంది.

కంచె లోపల రెండెకరాల నువ్వుచేను. విత్తనం కోసం వేసిన పంట. ఆ గింజే వచ్చే యాసంగి పంటకు చుట్టూ నలభై ఊళ్లకు పోవాలి. దాన్ని విత్తింది పోశెట్టి, కలుపు తీసింది పోశెట్టి, రకం తేడాగా ఉన్న మొక్కలను ఒక్కొక్కటే ఏరి పారేసింది పోశెట్టి. ఇప్పుడు ఆకు రాలుతోంది, కింది కాయలు పసుపెక్కాయి. రెండు రోజులు దాటితే కాయ నోరు తెరుస్తుంది. నోరు తెరిచిన నువ్వుకాయా, మైకు దొరికిన నాయకుడూ ఒకటే, లోపల ఉన్నదంతా బయట పోసేదాకా ఆగరు. అందుకే నువ్వులను పొద్దు పొడవక ముందు, చల్లదనానికి కాయ మెత్తబడి ఉన్నప్పుడే కోయాలి. ఎండెక్కాక చేయి పెడితే గింజ నేలపాలు. మూడు రోజులుగా కంచె పక్కన నిలబడి ఆ చేను చూస్తుంటే పోశెట్టికి అన్నం సయించడం లేదు.

నాలుగో రోజు తోటకు రానని కబురు పెట్టి, తెల్లవారి ఐదింటికే కొడవలి పట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. వాచ్‌మన్ హన్మాండ్లు అడ్డం వచ్చాడు.

"ఏందుల్లా పోశెట్టి, ఇటొచ్చినవ్?"

"నువ్వులు కొయ్యాలె హన్మాండ్లన్నా. జర గేటు తియ్యి."

"నీకు దండం పెడ్త. పని చేసేటోడు ఒక్కడు లోపలికి దూరినా నా నౌకరి పోతదని కాయితం మీద సంతకం తీసుకున్నరు. నన్ను ముంచకు తమ్మీ."

"మరి చేను?"

"చేను సంగతి సేవకులు చూసుకుంటరట. నువ్వు గూడ సేవకునిగ రా. పది గొట్టంగ పరీక్ష పెడ్తరు, ఎవుసం తెల్వనోళ్లనే తీసుకుంటరట."

"పదింటికి ఎండెక్కుతది గదనే!"

"సేవ టైమే పదిన్నర నుంచి. అంతకు ముందు జేస్తే ఓవర్‌టైమయితదట. ఓవర్‌టైమయితే కూలి కిందికొస్తదట."

పోశెట్టి కొడవలిని గేటు పక్క పొదలో దాచి, పది దాకా అక్కడే కూర్చున్నాడు.

పరీక్ష సేవా సమన్వయాధికారి హేమలత గారి గదిలో జరిగింది. పరీక్ష ఎందుకంటే, తీసేసిన కూలీలే సేవకుల వేషంలో దూరి, రేపు కోర్టుకెక్కి మేం పనివాళ్లమేనంటే సంస్కృతికి భంగం కదా. అందుకని ఏడో నిబంధన పెట్టారు. వ్యవసాయంలో పూర్వానుభవం ఉన్నవారెవరూ సేవకులుగా పనికిరారు. పంతొమ్మిదేళ్లు అక్కడే పని చేసిన మనిషిని ఆఫీసులో ఎవరూ గుర్తు పట్టకపోవడం వింతేమీ కాదు. ఆఫీసువాళ్లు చేనులోకి రారు, చేనువాళ్లను ఆఫీసులోకి రానివ్వరు.

హేమలత గారు బల్ల మీద ఒక కొడవలి పెట్టారు. "సేవార్థి గారూ, ఈ వస్తువును మీరు గుర్తించగలరా?"

కొడవలి పోశెట్టికి ఇంట్లో మనిషితో సమానం. దాన్ని ఎరగనని చెప్పడానికి మనసొప్పలేదు. కానీ కిటికీలోంచి చేను కనపడుతోంది.

"తెల్వది మేడం. తలుపుకు పెట్టే గొళ్లెమా?"

"చాలా బాగుంది. వరి మొక్క సుమారుగా ఎంత ఎత్తు పెరుగుతుంది?"

"మామిడి చెట్టంత ఉంటదా?"

"అద్భుతం!" హేమలత గారు కాగితం మీద టిక్కు పెట్టారు. ఆ తరువాత ఆవిడ చూపు అతని అరచేతుల మీద పడింది. "అయితే చేతులు ఇలా కాయలు కాశాయేమిటి?"

పోశెట్టి చేతులు వెనక్కి దాచుకున్నాడు. "చప్పట్లు కొట్టి కొట్టి మేడం. సర్కారు మీటింగులకు ఒక్కటి ఇడిసిపెట్టకుండ పోత."

ఆవిడ కళ్లు చెమర్చాయి. ఇంతటి పౌరస్పృహ ఈ జిల్లాలో ఉందని తనకు ఇన్నాళ్లూ తెలియదన్నారు. అతనికి అప్పటికప్పుడే అనుభవరాహిత్య ధ్రువపత్రం ఇచ్చారు. శ్రీ పోశెట్టి గారికి వ్యవసాయం గురించి ఏమీ తెలియదనీ, తెలుసుకునే ప్రయత్నం కూడా గతంలో చేసి ఉండలేదనీ అందులో ఉంది. కింద క్షేత్ర సంచాలకులు డాక్టర్ శశిశేఖర్ గారి సంతకం. పేరొక్కటి మారిస్తే ఆ పత్రం సంతకం చేసినవారికే సరిగ్గా సరిపోయేది.

తక్కిన సేవకులు పద్నాలుగు మంది పట్నం నుంచి బస్సులో వచ్చారు. అందరూ మంచివాళ్లే. నెత్తిన వెదురు టోపీలు, మెడలో ఈలలు, మొహాన తెల్లటి క్రీము. చేను వైపు పోతారేమోనని పోశెట్టి లేచాడు గాని, వాళ్లను శిక్షణా మందిరంలోకి తోలారు. కోతకు ముందు మానసిక సంసిద్ధత అన్న విషయం మీద గంటన్నర పాఠం. తెర మీద నువ్వుచేను అని చూపించిన బొమ్మ ఆవాల చేనుది. పోశెట్టి నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో పేరు. అయినా పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు.

సేవకుని చిరునవ్వులో పళ్లు కనపడాలి, చిగుళ్లు కనపడరాదు. నడుము నొప్పిని ఆనందంగా భావించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక సేవకుడు మరో సేవకుడికి పని చెప్పకూడదు. చెప్తే అతను మేస్త్రీ అవుతాడు, మేస్త్రీ ఉన్నాడంటే కూలీలు ఉన్నట్టే లెక్క. ఇదంతా అయ్యేసరికి పదకొండున్నర దాటింది. కిటికీ అవతల ఎండ నిప్పులు చెరుగుతోంది. పోశెట్టి కూర్చున్నచోట కూర్చోలేకపోయాడు.

"మేడం, తెల్వక అడుగుత. గీ ఎండకు గా కాయలు నోరు తెరుస్తయా ఏంది?"

హేమలత గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఈ ప్రశ్నలో పూర్వజ్ఞాన ఛాయలు కనిపిస్తున్నాయి. ఇది మొదటి హెచ్చరికగా పరిగణించండి."

పన్నెండింటికి చేనులోకి వదిలారు. సేవకులు ఉత్సాహంగా దూకారు. ఒకాయన మొక్కను జుట్టు పట్టినట్టు పట్టి పీకాడు. ఇంకొకాయన కొడవలిని బ్యాటులా తిప్పాడు. ఒకావిడ నాలుగు మొక్కలను గుండెలకు హత్తుకుని ఫొటో దిగింది. ఎక్కడ చెయ్యి పడితే అక్కడ గింజ జలజలా రాలింది. బూట్లలో పడింది, టోపీల మీద పడింది. నువ్వుల వాన, నువ్వుల వాన అని వాళ్లు కేరింతలు కొట్టారు. ఆపండిరా నాయనా అని అరవాలని పోశెట్టికి నోటి దాకా వచ్చింది. అరిస్తే మేస్త్రీ అయిపోతాడు.

అతను గట్టు పక్కకు పోయాడు. అక్కడ చెట్ల నీడ పడి కాయ ఇంకా మెత్తగా ఉంది. చేతకానివాడిలా మెల్లగా, వంకరగా కొయ్యాలనే అనుకున్నాడు పాపం. కానీ వంగగానే నడుముకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. ఎడమ చేత్తో మొదలు పట్టి, కుడి చేత్తో కోసి, మొక్క తల వంగకుండా నిటారుగా పట్టి, పిడికెడు పిడికెడు కట్టగట్టి, కట్టలను ఒకదానికొకటి ఆనించి గూడులా నిలబెట్టాడు. ముప్పావుగంటలో గట్టు వెంట ఆరు గూళ్లు లేచాయి. మూడు రోజుల తరువాత అతనికి అప్పుడు ఊపిరాడినట్టయింది.

తల ఎత్తేసరికి హేమలత గారు నిలబడి ఉన్నారు. ఆవిడ నేలను పరీక్షగా చూశారు.

"ఇక్కడ ఒక్క గింజ కూడా రాలలేదేమిటి?"

"పొరపాటయింది మేడం," అన్నాడు పోశెట్టి.

"వరుసలు కూడా తిన్నగా ఉన్నాయి!"

"నా గ్రహచారం మేడం. ఎట్లనో గట్లయింది."

ఆవిడ సంచాలకులను పిలిపించారు. డాక్టర్ శశిశేఖర్ గారు గొడుగు కింద వచ్చి ఆరు గూళ్లనూ చుట్టూ తిరిగి చూశారు. ఆయన మొహం పాలిపోయింది. "ఇక్కడ ఎవరో పని చేశారు," అన్నారు. ఇంట్లో ఎవరో దొంగ దూరారన్నప్పుడు కూడా మనిషి గొంతు అలా వణకదు.

"ఉద్దేశపూర్వకం కాదని సేవార్థి విన్నవిస్తున్నారు సార్," అన్నారు హేమలత గారు.

"ఉద్దేశం సంగతి విచారణలో తేలుతుంది. ప్రస్తుత సమస్య వేరు. రెండింటికి ముఖ్య అతిథి వారు వచ్చి ప్రథమ కోత నిర్వహించాలి. నీడ ఉన్నది ఈ గట్టు దగ్గరే. ఇక్కడ కోత ముందే జరిగిపోయి ఉంటే, ప్రథమ కోత ద్వితీయ కోత అవుతుంది. ఆహ్వాన పత్రికల్లో ప్రథమ అని అచ్చయింది."

కాసేపు ఆలోచించి ఆయనే మార్గం చూపించారు. పెద్దల బుర్రలు ఊరికే పెద్దవి కావు. కోసినవన్నీ మళ్లీ భూమిలో గుచ్చెయ్యమన్నారు.

పోశెట్టికి మొదట అర్థం కాలేదు. "కోసినయి గుచ్చుడేంది సారూ?"

"యథాపూర్వ స్థితి పునరుద్ధరణ," అన్నారు సంచాలకులు.

ఎవరు కోశారో వారే గుచ్చాలని తీర్పయింది. గడ్డపారతో కన్నం చేయడం, మొక్కను అందులో దించడం, కాలితో మన్ను తొక్కడం. తొక్కినప్పుడల్లా మొక్క అదురుతుంది, అదిరినప్పుడల్లా కాయలోంచి గింజ రాలుతుంది. సేవకులు కూడా సాయం వచ్చి, ఇంకా గట్టిగా తొక్కారు. ఇప్పటిదాకా ఒక్క గింజ రాలకుండా కాపాడిన చేతులతోనే పోశెట్టి ఆ గింజనంతా నేల మీద పోశాడు. అతనికి ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. చిరునవ్వు, చిరునవ్వు అని పక్కనుంచి హేమలత గారు గుర్తు చేశారు.

ముఖ్య అతిథి గారు మూడింటికి దయచేశారు. ముందు డప్పులు, వెనక కార్లు. డప్పుల అదురుకు ఆ పక్క చేనంతా చిటపటమంది. కమిషనర్ హోదా గల ఆ పెద్దమనిషి వెండి కొడవలి అందుకుని ఒక మొక్కను ఇలా పట్టుకున్నారో లేదో, అది కొయ్యకముందే చేతిలోకి వచ్చేసింది. ఆయన దాన్ని పైకెత్తి చూశారు. మొదలు నున్నగా ఉంది.

"దీనికి వేళ్లేవీ?"

డాక్టర్ శశిశేఖర్ గారు ఒక అడుగు ముందుకు వేశారు. "వేళ్లు లేని రకం సర్. సేవకుల సౌలభ్యం కోసం మన క్షేత్రం రూపొందించింది. కోత అవసరం ఉండదు."

ముఖ్య అతిథి గారు ఇంకొకటి లాగారు. వచ్చేసింది. ఇంకొకటి, అదీ వచ్చేసింది. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. "ఇన్నేళ్లూ మన రైతు అనవసరంగా వేళ్లతో బాధపడ్డాడు!" అన్నారు. వచ్చే ఏడాదికల్లా రాష్ట్రమంతటా ఈ రకమే వేయించాలని అక్కడికక్కడే ఆదేశించి, కెమెరాల కోసం మొక్కను తల మీద మూడుసార్లు దులిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లలో పేరు మోసిన పోశెట్టి ఒక్కడే కొట్టలేదు.

కార్లు వెళ్లిపోయాయి, టోపీలు బస్సెక్కాయి. నాలుగున్నరకు నివేదిక తయారైంది. కోత ఉత్సాహభరితంగా సాగినదనీ, పంటలో కొంత భాగం స్వచ్ఛందంగా నేలను చేరుకున్నదనీ అందులో రాశారు. చేనులో అరెకరం నాశనమైంది. తూర్పు వైపు ఎకరన్నర ఇంకా నిలబడి ఉంది. అటు ఆలస్యంగా విత్తారు కాబట్టి కాయ ఇంకా నోరు తెరవలేదు. రేపు తెల్లవారకుండా కోస్తే దక్కుతుంది, లేకపోతే రేపు సాయంత్రానికి అదీ ఇంతే. పోశెట్టి చేతులు కట్టుకుని హేమలత గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడం, రేపు గూడ నేనే వస్త. జర పొద్దుగాల రానియ్యుండ్లి. నాకేం వద్దు, నీళ్లు గూడ ఇంటికెల్లే తెచ్చుకుంట."

ఆవిడ జాలిగా చూశారు. నిజంగానే జాలిపడ్డారు, మనిషి చెడ్డది కాదు. "రేపటికి మీరు అనర్హులు పోశెట్టి గారూ. ఈరోజుతో మీకు ఒకరోజు అనుభవం వచ్చేసింది."

"నేనేం నేర్సుకోలే మేడం! ఒట్టు!"

"అలా అనకండి. నేర్చుకోలేదంటే మా శిక్షణ విఫలమైందని ఆరోపించినట్టు. నేర్చుకున్నారంటే అనుభవం ఉన్నట్టు. ఏదో ఒకటి రాసివ్వండి, ఫైలు చేస్తాను."

పోశెట్టి ఏదీ రాసివ్వలేదు. చేను వైపు చూస్తూ నిలబడిపోయాడు. అతని మొహం చూసి ఆవిడే ఒక దారి వెతికారు. "పోనీ, మీ ఊళ్లో అసలు వ్యవసాయం తెలియనివాళ్లు ఓ పదిమందిని చూసి పంపగలరా?"

పోశెట్టి నిజంగానే ఆలోచించాడు. వరుసగా ఒక్కో ఇల్లూ తలుచుకున్నాడు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, బడిపిల్లలు, గుడ్డి నర్సయ్య. నర్సయ్య కూడా కాయను తడిమి ఏ పొద్దుకు పగులుతుందో చెప్పగలడు.

"గసొంటోళ్లు మా ఊళ్లె దొరకరు మేడం. మీ ఆఫీసులనే చూసుకోవాలె."

హేమలత గారు ఆ సూచనను శ్రద్ధగా రాసుకున్నారు.

ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. జరిగిందంతా విని పెళ్లాం రాజవ్వ చాటలో బియ్యం చెరగడం ఆపింది. ఆమె కూడా ఆ చేనులో కలుపు తీసిన మనిషే, శాలువా పుచ్చుకున్న పదకొండు మందిలో ఒకతె.

"ఊకె పని చేస్తమన్నా రానియ్యలేదా?"

"రానియ్యలే."

"పని చేసేటోళ్లు రావొద్దని రాసిండ్రు. సరే. దొంగలు రావొద్దని యాడన్న రాసిండ్రా?"

శిక్షణలో చదివి వినిపించిన సర్క్యులర్ మొత్తం పోశెట్టి గుర్తు చేసుకున్నాడు. లేదు. దొంగల ఊసే లేదు. దొంగకు అనుభవం ఉండకూడదన్న నియమం కూడా ఎక్కడా లేదు.

"పనికిపోతే కదనయ్యా ఆపేది," అని రాజవ్వ కొంగు బిగించి లేచింది. చీకటి పడకముందే తొమ్మిది ఇళ్లు తిరిగొచ్చింది. నువ్వులు ఎత్తుకపోదాం రమ్మని మెల్లగా చెప్పింది. ఎత్తుకపోయి ఏడ పెడదామని ఒకాయన భయంగా అడిగాడట. ఏడనో ఏంది, ఆఫీసు కళ్లంలనే, అని చెప్పి వచ్చానంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు పదకొండు మంది దొంగలు కంచె సందులోంచి దూరారు. గాలి చల్లగా ఉంది, కాయ మెత్తగా ఉంది. ఎవరికీ ఎవరూ పని చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదు. కొడవళ్ల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. మొక్క తల వంచకుండా కోసి, కట్టగట్టి, కళ్లానికి మోసుకుపోయి గూళ్లు నిలబెట్టారు. పోశెట్టి తన సాలు చివరకు వచ్చి వెనక్కి తిరిగి చూశాడు. నేల మీద ఒక్క గింజ లేదు. శాలువా కప్పిన నాటి నుంచి అతను అంత సంతోషంగా ఎన్నడూ లేడు.

సగం చేను అయ్యేసరికి గట్టు మీద టార్చి వెలిగింది. వెలుతురు వంగిన నడుముల మీద, కొడవళ్ల మీద, బారుగా నిలబడ్డ గూళ్ల మీద తిరిగి తిరిగి ఆగిపోయింది.

"ఎవల్లది?" హన్మాండ్లు గొంతు వణికింది. "ఏం జేస్తున్నరు లోపల?"

అందరూ కొయ్యబారిపోయారు. పోశెట్టి కొడవలి పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"దొంగలమన్నా."

టార్చి వెలుతురు అతని మొహం మీద చాలాసేపు నిలిచింది. ఆ తరువాత హన్మాండ్లు గట్టు మీద కూలబడి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"దొంగలా? బతికించిండ్రు తమ్మీ. పనోళ్లేమోనని నా పానం పోయింది." టార్చి ఆర్పేసి, తూర్పు వైపు చూసి గొంతు తగ్గించాడు. "కానియ్యుండ్లి మరి, జల్ది కానియ్యుండ్లి. ఎండెక్కితే గింజ రాలుతది."